టీ తెమ్మన్నప్పుడు

పోయిన ఆదివారం చర్చిలో మా ఆయనకి కప్పిన శాలువా ఉతికి దండెం మీద ఆరేస్తుంటే నాకు కుళ్ళు పుట్టింది. దాచుకోవడమెందుకు, కుళ్ళే. "ప్రకాష్ మాస్టారంతటి మధ్యవర్తి ఈ చుట్టుపక్కల లేడు," అన్నారు పాస్టరుగారు. అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను.

ఊళ్ళో ఏ తగువైనా మా వరండాలోనే తీరుతుంది. అంతకు ముందురోజు నేను కల్లంలో ఆడవాళ్ళ పక్కన కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తాను. వేళ్ళు మండుతుంటే మనసులో మాటలు వాటంతటవే బయటికొస్తాయి. ఎవరికెక్కడ నొప్పో, ఎవరెంతకి తగ్గుతారో విని వచ్చి, పొద్దున్నే ఆయనకి ఇడ్లీతోపాటు వడ్డిస్తాను. మధ్యలో తడబడితే టీ గ్లాసు అందిస్తూ చెవిన వేస్తాను. ఒకసారి నేనూ కూర్చుంటానంటే, "మగాళ్ళ మధ్య నీకేం పని స్తుతీ? టీ పెట్టు చాలు," అన్నాడు. మా అత్తయితే, "మావాడికి ఆ నేర్పు వాళ్ళ నాన్న నుంచి వచ్చింది," అని మురిసిపోయింది.

ఇవాళ అన్నదమ్ములు బుల్లయ్య, జక్రయ్య వచ్చారు. ఇద్దరికీ ఒకటే కల్లం. తమ్ముడు కాయ ఆరబోయకుండా అన్న ట్రాక్టరు అడ్డం పెట్టాడు. మూటల్లో కాయ మెత్తబడి, రంగు పోయి తాలైపోతోంది.

"చెరో వారం ఆరబోసుకోండి," అన్నాడు మా ఆయన.

"ఇది కల్లం గొడవ కాదు మాస్టారూ!" బుల్లయ్య అరిచాడు.

"మరి దేని గొడవన్నా? చెప్పు!" జక్రయ్య లేచి నిలబడ్డాడు.

అదేమిటో నాకు తెలుసు. నిన్న అతని భార్య పుల్లమ్మ నా దగ్గర ఏడ్చింది. ఈసారి ఆ మాట నేను ఇంట్లో ఎవరికీ వడ్డించలేదు.

మా ఆయన వంటింటి వైపు చూశాడు. "స్తుతీ, టీ తే!"

ఖాళీ చేతులతో వచ్చాను. కుర్చీ లాక్కుని అన్నదమ్ముల మధ్య కూర్చున్నాను.

"జక్రయ్యా, మీ అమ్మాయి ఓణీల ఫంక్షన్ ఎల్లుండేగా. మీ వదినని ఇంటికెళ్ళి పిలిచారా?"

"వాట్సాప్‌లో కార్డు పంపాం కదక్కా..." అంటూనే అతను ఆగిపోయాడు. అన్న ముఖం చూశాడు. బుల్లయ్య తల తిప్పేసుకున్నాడు.

"మీ ఆవిడ శాంతిని తీసుకుని ఇప్పుడే వెళ్ళి పిలిచి రా. బుల్లయ్యా, ట్రాక్టరు తీస్తావుగా?"

బుల్లయ్య జేబులోంచి తాళంచెవి తీశాడు. అలవాటు కొద్దీ మా ఆయన చెయ్యి చాచాడు. బుల్లయ్య దాన్ని నా చేతిలో పెట్టాడు.

"లోపల టీ పొంగుతోంది," అన్నాను మా ఆయనతో. "మీరెళ్ళి దించండి."