వందో స్ట్రా

సరిహద్దు అవతల నెబ్రాస్కాలో ఇరవై ఆరేళ్లు చిన్నపిల్లలకు చదువు చెప్పిన లోర్నా వోగెల్, భర్త ఉద్యోగం మారి మా రాష్ట్రానికి రాగానే టీచరు కాకుండా పోయింది. అక్కడి లైసెన్సు ఇక్కడ చెల్లదట. ఆమె చదివి, ఎప్పుడో మూతపడ్డ కాలేజీ సంతకం తెమ్మన్నారు. మా బడిలో చూస్తే ఒకటో తరగతికి టీచరే దొరకలేదు. అందుకని బడి తెరిచిన రోజు నుంచే ఆమెను తాత్కాలిక టీచరుగా తీసుకున్నాం. అదీ రూలు ఒప్పుకునే తొంభై రోజులకే.

బడి ఆఫీసులో ఫోనెత్తేది నేను. లైసెన్సు వాళ్లకు రోజూ ఫోన్ చేయడం, రోజూ తిట్టుకుంటూ పెట్టేయడం నా పనైపోయింది.

ఒకటో తరగతి పిల్లలు రోజుకో స్ట్రా సీసాలో వేసి, పది కాగానే కట్ట కడతారు. బడి నడిచిన వందో రోజున పండగ. అందరూ వందేళ్ల ముసలివాళ్ల వేషాల్లో వస్తారు.

తొంభయ్యో రోజు సాయంత్రం లోర్నా నా బల్ల దగ్గర ఆగింది.

"తొమ్మిది కట్టలు కట్టాం బెర్నీ. పదోది నేను చూడను" అంది.

మర్నాటి నుంచి ఆ తరగతిని రోజుకొకరు చూసుకున్నారు.

వందో రోజు నేనే ఆమెను పిలిచాను. చూడ్డానికి వచ్చేవాళ్లకు లైసెన్సు అక్కర్లేదు కదా! విజిటర్ బ్యాడ్జీ తగిలించి తరగతికి తీసుకెళ్లాను. తెల్లవిగ్గులు, చేతికర్రలు, బామ్మల శాలువాలు ఒక్కసారిగా మీద పడ్డాయి.

"మీరు వేషం వేసుకోలేదేం మిసెస్ వోగెల్?" అంది ఓడెట్ అనే పిల్ల.

"నాకు వేరే వేషమెందుకే, ఈ జుట్టు చాలదా?"

సీసాలో తొమ్మిది కట్టలే ఉన్నాయి.

"మిగతావేవి?" అంది లోర్నా.

ఓడెట్ తన డెస్కులోంచి పది స్ట్రాలు తీసింది. "మీరు లేకుండా ఎలా లెక్కపెడతాం? అందుకే దాచాం."

లోర్నా నేలమీద కూర్చుంది. తొంభై ఒకటి నుంచి అందరూ కలిసి లెక్కపెట్టారు. వందోది వేశాక ఆ పదింటినీ ఆమె రెండు చేతులతో దగ్గరగా పట్టుకుంది. పిల్లలే రబ్బరుబ్యాండు చుట్టారు. నేను ఏడ్చాను, దాచుకోను.

వసంతంలో మా శాసనసభ పక్క రాష్ట్రాల లైసెన్సులు ఇక్కడా చెల్లేలా చట్టం చేసింది. జులైలో లోర్నా లైసెన్సు కాగితం వచ్చింది. ప్రిన్సిపల్ ఒకటో తరగతి ఇస్తానంటే, ఆ పిల్లలు వెళ్లే రెండోదే ఇమ్మని ఆమె పట్టుబట్టింది.

ఆగస్టులో బడి మొదటి రోజు ఖాళీ సీసా చంకన పెట్టుకుని తరగతిలోకి వెళ్లింది. ఓడెట్ మొదటి స్ట్రా చేతిలో పట్టుకుని, వేయకుండా ఆగింది.

"ఈసారి ఎన్ని రోజులుంటారు?"

"అన్ని రోజులూ" అంది లోర్నా.

అప్పుడు వేసింది.