భాగ్యమ్మ అడిగిన దిల్‌సుఖ్

మన్సూరాబాద్‌ల మారయ్యను తెల్వనోళ్ళు ఉంటే ఉండొచ్చు గని, మారయ్య నాలికెను తెల్వనోళ్ళు లేరు. పోచంపల్లి చీరెలు బ్యాగుల సదురుకోని ఊరూరు తిరిగి దుకాణాలకు ఏసుడు ఆయన పని. పని పేరుకే, యావంత తిండి మీదనే. నకిరేకల్ల ఏ హోటల్ల అల్లం చట్నీ బాగుంటది, సూర్యాపేట బస్టాండు ఎనుక ఏ బండి మీద మిర్చి కరకరలాడుతది, విజయవాడల ఏ సందుల నెయ్యి ఇడ్లీ నోట్లెయ్యంగనే కరుగుతది, వరంగల్ల సర్వపిండి ఏ అవ్వ చేతిది తినాలె... అడుగుడే ఆలస్యం, గుక్క తిప్పుకోకుండ అప్పజెప్తడు. కాలనీల లగ్గం పెట్టుకున్నోళ్ళు వంటోన్ని మాట్లాడకముందు మారయ్యను మాట్లాడుతరు. ఆయనకు తెల్వని తిండి లేదు. ఉన్నా తెల్వదని అనడు. "నాకు తెల్వదు" అన్న మాట ఆ మనిషి నోట ఎన్నడూ ఎల్లలే. గదే ఆయన రోగం.

గసొంటి మనిషి ఇంట్ల, పెండ్లాం నోటికి మెతుకు పోకుండ అయింది. చూస్తిరా దేవుని పరాచికం!

భాగ్యమ్మకు టైఫాయిడ్ వచ్చి దవాఖానల పడి లేచింది. జెరమైతే పోయింది గని నోరు సచ్చింది. అన్నం పెడితే మట్టి లెక్క ఉన్నదనె. జావ పోస్తే కక్కె. మనిషి ఎండి కట్టెపుల్ల అయింది. ఆ పొద్దు పొద్దుగాల్నే డాక్టర్‌కు ఫోన్ కొడితే, "సాయంత్రం దాక కడుపుల ఏమన్న నిలుస్తదేమో చూడుండ్రి. లేకుంటే తీస్కరండ్రి, మల్ల సెలైన్ ఎక్కియ్యాలె" అన్నడు.

భాగ్యమ్మ సూదిపోట్లకు ఉబ్బిన చెయ్యిని కొంగుల దాసుకున్నది. "నన్ను మల్ల ఆ మంచం ఎక్కిస్తే నేను తిరిగి రానయ్యా" అన్నది. నవ్వుతాలకు అనలే. మారయ్య మంచం పట్టె మీద కూసోని ఆమె కాళ్ళు ఒత్తుకుంట బతిమాలిండు.

"ఏం తింటవో చెప్పే భాగ్యా. ఏ ఊరిదైనా తెస్త. నీ నోటికి ఏది పోతది?"

ఆమె కండ్లు మూసుకున్నది. "దిల్‌సుఖ్ తింటనయ్యా" అన్నది.

"ఏందీ?"

"దిల్‌సుఖ్. బేకరీల ఉంటది సూడు, నడుమ కొబ్బరి పెట్టి. గది."

మారయ్యకు ఆ పేరు ఎన్నడూ విన్న యాది లేదు. వినలేదని అనాలె గదా? అంటే మారయ్య ఎట్లయితడు! "ఓ, దిల్‌సుఖా! గింతదానికా గంత ఆలోచన! నిమిషంల తెస్త, పండుకో" అని లేచి చెప్పులు తొడుక్కున్నడు. భాగ్యమ్మ పెదువుల మీద సన్నగ నవ్వు మెదిలింది. ఆమె నవ్వక ఎన్నాళ్ళయిందో ఏమో, ఆ నవ్వు చూసి మారయ్య ఎగిరి గడప దాటిండు.

పక్కింటి తిరుపతమ్మ వచ్చి భాగ్యమ్మ కాడ కూసున్నది. తిరుపతమ్మ, ఆమె పెనిమిటి గంగాధరరావు, ఇద్దరిదీ ఏలూరు దిక్కు. తెలంగాణ ముచ్చట వస్తే చాలు, మారయ్యకు గంగాధరరావుకు నడిమి గోడ మీదికెల్లి రోజూ లడాయే. అయినా భాగ్యమ్మ మంచం పట్టిన కాన్నుంచి ఆ ఇంటి నుంచి జావ గిన్నె వస్తనే ఉన్నది. లడాయి లడాయే, జావ జావే.

"ఎక్కడికండీ మారయ్యగారూ?" అన్నడు గంగాధరరావు గేటు కాడ. "ఇవాళ బంద్ కదా, ఏ కొట్టూ తియ్యరు."

"దిల్‌సుఖ్ తేనీకి పోతున్న."

"దిల్‌సుఖ్‌నగరా? అంత దూరం నడిచా?"

"నగర్ కాదండి. దిల్‌సుఖ్. తినేది."

"అదేం తిండండీ, నేనెప్పుడూ వినలేదే!"

"మీ దిక్కు దొరకది లెండి" అని మారయ్య మొకం తిప్పుకోని పోయిండు. తనకు తెల్వదని ఈయన ముంగట బయటపడితే ఇంకేమన్న ఉన్నదా!

సకల జనుల సమ్మె నడుస్తున్న దినాలవి. బస్సులు డిపోలకెల్లి కదులుతలేవు. దానికి తోడు ఆ పొద్దు బంద్. ఆటోలు లేవు, పెట్రోల్ బంకులు లేవు, స్కూటర్ల చుక్క లేదు. నడుసుడే గతి. ఎల్బీ నగర్ చౌరస్తాల పోరగాండ్లు రోడ్డుకు అడ్డం కూసోని డప్పు కొడుతున్నరు. ఒకడు లేచి చెయ్యి అడ్డం పెట్టిండు.

"యాడికి పెద్దాయనా?"

"దిల్‌సుఖ్ కోసం తమ్మీ. యాడ దొరుకుతదో ఎరికేనా?"

"దొరుకుడేంది? సీదా పో, కొత్తపేట దాటినంక అదే వస్తది."

"ఊరు కాదు రా నాయినా. తినేది."

అందరు ఒకరి మొకాలు ఒకరు చూసుకోని ఫక్కున నవ్విండ్రు. "మేము తెలంగాణ దొరికితే చాలని కూసున్నం. నీకు దిల్‌ల సుఖం గూడ గావాల్నా పెద్దాయనా!" అన్నడు డప్పుకొట్టెటోడు. వేరే దినమైతే మారయ్య వాని నోరు మూయించేటోడే. ఇప్పుడు యాడి తీరిక? "జై తెలంగాణ" అని తనూ ఒక కేక ఏసి, సందు చేసుకోని అవుతల పడ్డడు.

కొత్తపేటల ఒక బేకరీ షట్టర్ సగం లేపి ఉన్నది. మారయ్య నడుం వంచి లోపలికి మొకం పెట్టిండు. "దిల్‌సుఖ్ ఉన్నదా?"

"గిది కొత్తపేట అన్నా. ముంగటికి పో" అని చీకట్లకెల్లి జవాబు. షట్టర్ ధన్నుమని కింద పడ్డది. ముక్కు దక్కింది, గదే నయం.

ఇంకో దాంట్ల పాత పఫ్‌లు తప్ప ఏం లేవు. ఇంకోడు వినకముందే చెయ్యి అడ్డం ఊపిండు. అట్ల అడుక్కుంట అడుక్కుంట అసలు దిల్‌సుఖ్‌నగర్‌కే వచ్చి పడ్డడు. ఎప్పుడు చూసినా కాలు పెట్ట సందుండని బజారు, ఆ పొద్దు షట్టర్లన్నీ మూసి బోసిపోయి ఉన్నది. ఫ్లాస్కుల చాయ్ అమ్ముకుంట తిరిగేటోడు ఒకడు కనవడితే వాన్నీ అడిగిండు. వాడు మారయ్యను కింది నుంచి మీది దాక చూసి, "దిల్‌సుఖ్‌నగర్ల నిలవడి దిల్‌సుఖ్ యాడున్నదంటవేంది పెద్దాయనా? ఎండ గిట్ల తలిగిందా? జర నీడకు కూసో" అని పుణ్యానికి ఒక చాయ్ పోసిండు.

మారయ్య ఒక మూసిన దుకాణం మెట్ల మీద కూలబడ్డడు. చాయ్ పక్కకు పెట్టిండు. గిన్ని ఊర్లు తిరిగి, గిన్ని హోటళ్ళల్ల తిని, గంత పేరు సంపాయించి ఏం ఫాయిదా? ఇంటిది నోరు తెరిచి ఒక్కటడిగితే తేలేకపోతి గదా అని కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్. పొద్దు నెత్తి మీదికొచ్చింది. మాపటికి ఏమీ తినకుంటే మల్ల ఆ సూదులు, ఆ మంచం. బిడ్డ అరుణశ్రీ భువనగిరిలనే బస్సులు లేక ఆగిపోయింది. అన్నిటికీ తనొక్కడే. "కర్మన్‌ఘాట్ అంజన్నా, ఒక్క ముక్క చూపియ్యి సామీ, ఆకుపూజ చేయిస్త" అని మొక్కిండు.

అంజన్న విన్నడో, గాలే మళ్ళిందో గని, సైదాబాద్ దిక్కు నుంచి కమ్మటి వాసన వచ్చింది. అప్పుడే కాలిన రొట్టె వాసన. మారయ్యకు నాలికె దగా చేసినా ముక్కు దగా చెయ్యలే. వాసన పట్టుకోని సందులు మళ్ళి మళ్ళి పోతే, ముంగట తాళమేసి ఉన్న ఒక పాత బేకరీ ఎనుక తలుపు తెరిచి ఉన్నది. లోపల భట్టీ ఎర్రగ మండుతున్నది. తెల్ల గడ్డం ముసలాయన పొడుగు కట్టెతోని ట్రేలు గుంజుతున్నడు.

"బంద్ నాడు భట్టీ పెట్టినవేంది చాచా?"

"రాత్రే పిండి కలిపిన బేటా. పులిసిన పిండికి బంద్ ఎరికనా?" అన్నడు ముసలాయన. పేరు జానీమియా. "క్యా హోనా? ఏం గావాలె?"

"దిల్‌సుఖ్."

జానీమియా చెయ్యి ఆపిండు. "దిల్‌సుఖా? గడ్డం నల్లగున్నప్పటి సంది గీ భట్టీ కాడనే ఉన్న. గా పేరుతోని ఏదీ కాల్చలే. ఎట్లుంటదది?"

ఎట్లుంటదంటే మారయ్య ఏం చెప్తడు? కొబ్బరి తప్ప ఆయనకేం తెల్సని! ఫోన్ చేతిల పట్టుకోని భట్టీ మంట దిక్కు చూసుకుంట నిలవడ్డడు. అడగాలె. అడగాలంటే ముందు ఆ మాట అనాలె. ఇగ తప్పేటట్టు లేదని తిరుపతమ్మకు కొట్టి, ఫోన్ భాగ్యమ్మకియ్యమన్నడు.

"భాగ్యా... నాకు తెల్వదే. దిల్‌సుఖ్ అంటే ఏందో నాకు తెల్వదు. పొద్దుగాల ఉత్తగనే తెల్సన్న."



"తెల్వదా?" అన్నది భాగ్యమ్మ నీరసంగ. "నువ్వే గదనయ్యా తినిపించినవ్. మన లగ్గమైన కొత్తల సినిమాకు తోల్కొచ్చినవ్ సూడు. బస్సు దిగంగనే బేకరీల కొనిస్తివి. గుండ్రంగ ఉండె, నాలుగు ముక్కలు కోసిచ్చె. నడుమ కొబ్బరి, అండ్ల ఎర్రయి పచ్చయి పలుకులు. గిదేందయ్యా అంటే దిల్‌సుఖ్ అన్నవ్. గిది పుట్టిన ఊరు గాబట్టే దీన్ని దిల్‌సుఖ్‌నగర్ అంటరన్నవ్."

మారయ్యకు తళుక్కున యాదికొచ్చింది. కొత్త పెండ్లికొడుకు, కొత్త అంగీ. పక్కపొంటి ఊరు దాటి ఎరుగని పిల్ల, కండ్లు ఇంతింత చేసి గిదేందని అడగవట్టె. అది ఏందో తనకూ తెల్వదు, తనూ గప్పుడే మొదటిసారి చూసుడు! బేకరాయన్ని అడుగుదామంటే నామోషీ. ఎదురుంగ బస్సు మీద ఊరి పేరు రాసి ఉండె. నగర్ తీసేసి కడమది చెప్పిండు. గంతే. పొద్దంత తిరిగింది తన నోట పుట్టిన పేరు ఎంబడే! మారయ్య పిండి బస్తా మీద కూలబడి నవ్వవట్టిండు. నవ్వుతుంటే కండ్లెంబడి నీళ్ళు కారవట్టినయ్.

ఫోన్ల మాటలు విన్న జానీమియా నెత్తి కొట్టుకున్నడు. "అరె, దిల్‌పసంద్! గదా నువ్వు అడిగేది!" అని ఎనుక అర్రల నుంచి ఒక ట్రే తెచ్చి ముంగట పెట్టిండు. గుండ్రంగ, పైన బంగారం రంగు, నడుమ కొబ్బరి, ఎర్రయి పచ్చయి పలుకులు. ఎన్ని ఊర్ల బేకరీలల్ల చూసిండో దాన్ని, ఎన్నిసార్లు తిన్నడో! ఒక్కనాడన్న దిల్‌సుఖ్ అని మతికి రాలే.

కాయితంల సుట్టిచ్చుకోని అంగీ లోపల పెట్టుకోని నడిచిండు. నడిచిండంటే నడువలే, ఉరికిండు. చౌరస్తాల పోరగాండ్లు దూరం నుంచే గుర్తుపట్టిండ్రు. "దొరికిందా పెద్దాయనా దిల్‌సుఖ్?"

"దొరికింది రా!" అని మారయ్య రెండు చేతులు లేపిండు. డప్పు ఒక్కసారి దడదడలాడింది. తొవ్వ ఇచ్చిండ్రు.

ఇంటికొచ్చి కాయితం విప్పంగనే వాసన అర్రంత నిండింది. తిరుపతమ్మ భాగ్యమ్మను లేపి దిండు ఆనిచ్చి కూసోబెట్టింది. భాగ్యమ్మ ఒక కొస కొరికింది. నమిలింది. మింగింది. మారయ్య ఆమె గొంతు దిక్కే చూస్తున్నడు. తిరుపతమ్మ చేతిల చెంబు పట్టుకోని తయారుగున్నది. కక్కలే. ఇంకో కొస కొరికింది. అదీ నిలిచింది. దీపం పెట్టే యాళ్ళకు ఒక ముక్క అయిపోయింది, మీదికెల్లి గిలాసెడు పాలు గూడ పోయినయ్. డాక్టర్‌కు ఫోన్ కొడితే "ఇంకేం, ఇంట్లనే ఉండనియ్యుండ్రి" అన్నడు.  "హమ్మయ్య!" అన్నది తిరుపతమ్మ, చెంబు కింద పెట్టి. "ఈ దిల్‌సుఖ్ ఏదో మా ఆయనకీ చూపించాలన్నయ్యగారూ" అని ఇంటికి పోయింది.

ఇద్దరే మిగిలిండ్రు. మారయ్య గొంతు సవరించుకున్నడు.

"భాగ్యా, దీని పేరు దిల్‌సుఖ్ కాదే. దిల్‌పసంద్. నాడు నాకు తెల్వక నోటికొచ్చింది చెప్పిన."

"నాకెరికనే" అన్నది భాగ్యమ్మ.

"ఎరికనా? ఎప్పటి సంది?"

"అరుణ బడికి పోయేటప్పుడు దానికి కొనిచ్చిన. బేకరాయనే చెప్పిండు."

"మరి దిల్‌పసంద్ అని అడిగితే అయిపోవు గదనే! పొద్దంత పిచ్చోని లెక్క తిరిగితి. బజారు బజారంత నవ్వె!"

"దిల్‌పసంద్ అంటే గంగాధరన్న గూడ తెస్తడు" అన్నది భాగ్యమ్మ. "దిల్‌సుఖ్ అంటే నువ్వొక్కనివే తేవాలె. నువ్వు పెట్టిన పేరు నీకు యాదుంటదనుకున్న. తెల్సు తెల్సు అని ఉరికితివి, మరిచిపోయినవని నాకేమెరుక?"

 భాగ్యమ్మ ఒక ముక్క తుంచి ఆయన నోట్లె పెట్టింది. "ఎట్లున్నది చెప్పు" అన్నది. ఊరూరి తిండికి ఉప్పు తక్కువ, పులుపు ఎక్కువ అని వంకలు పెట్టే మనిషి, కండ్లు తుడుచుకుంట చానాసేపు నమిలిండు.

"తెల్వదే" అన్నడు. "ఇంకో ముక్క పెట్టు, చెప్త."

"యాడికెల్లి పెట్టాలె? నాకే ఆకలైతున్నది" అన్నది భాగ్యమ్మ, కాయితం తన దిక్కు గుంజుకుంట.