నూట పన్నెండో పేజీలో ఏడ్చిందెవరు?

ఉమామహేశ్ సారు పుస్తకం తెరిచి, కళ్లజోడు సర్దుకొని, మా నలుగురినీ దొంగల్ని చూసినట్టు చూసినాడు.

"నూట పన్నెండో పేజీ తడిసి ఆరింది. పూరీలాగా పొంగింది. ఎవరు ఏడ్చినారో మర్యాదగా చెప్పండి."

సారు రిటైరైన తెలుగు అయ్యవారు. నెలకొక ఆదివారం పొద్దున వేంపల్లెలో ఆయన వరండాలో మేము చేరతాం. పుస్తకం ఒక్కటే ఉంటుంది. దాన్నే వంతులేసుకొని చదివి, చివర్లో కలిసి కొట్లాడతాం. ఈసారి వంతు ఒక జపాను నవలది. తెలుగులోకి వచ్చింది. ఒక ఊళ్లో ఒక ముసలమ్మ పాత గొడుగులు బాగు చేస్తుంటుంది. వాన పడేటప్పుడు ఆ గొడుగు కింద నిలబడితే, గడిచిపోయిన ఏదో ఒక్క దినానికి వెళ్లొచ్చు. వాన తెరిపి ఇచ్చేలోగా తిరిగొచ్చేయాలి. జనం వెళ్తారు, ఆనాడు చెప్పలేకపోయిన ఒక్క మాట చెప్తారు, తల వంచి వచ్చేస్తారు. పుస్తకం మొత్తం వెతికినా గొంతు పెంచినవాడు ఒక్కడు లేడు. వాళ్లకు గొడుగులు, మాకు గొడవలు. వాళ్లది పశ్చాత్తాపం, మాది వట్టి తాపం, అదీ నలభై నాలుగు డిగ్రీలది.

"ఏడ్చేదానికి ఏముండాది సార్ దాంట్లో?" అన్నాడు ఓబులేసు. బోర్లు వేసే లారీ ఆయనది. "మొదట్నే తప్పు. వాన పడాలంట! మన పక్క రాసింటే కథ రెండో పేజీలోనే ఆగిపోయేది. గొడుగు పట్టుకొని జూన్ నుంచి నవంబరు దాకా నిలబడుకోవాల."

"సరే, వాన పడిందనుకో. నువ్వు ఏ దినానికి పోతావు?" అన్నాడు సారు.

"కొండకింద చీనీతోటలో బోరేసిన దినానికి. తొమ్మిది వందల అడుగులు దించితే దుమ్ము తప్ప రాల్యా. పదడుగుల పక్కన ఇంకొకడు మూడు వందలకే నీళ్లు పడేసె. ఆ పొద్దుటి నుంచి ఆ రైతు నన్ను చూస్తే తువ్వాలతో మొగం తుడుచుకుంటాడు."

"నువ్వు కాలంలో వెనక్కి పోనక్కర్లేదప్పా, నేలలో పక్కకి పోతే చాలు" అన్నాను నేను. ఓబులేసు తప్ప అందరూ నవ్వినారు.

జీవమ్మ నవ్వు ఆపుకొని పుస్తకం లాక్కుంది. ఆమెకు బస్టాండు పక్కన టైలరు షాపు. "నాకు కోపం వచ్చింది సార్. కథలో ఒక పిల్ల గొడుగు పట్టుకొని అంత దూరం పోయి, సచ్చిపోయిన అమ్మను కండ్లారా చూసి, ఒక్క మాట చెప్పి వచ్చేస్తుందా? ఏం కూర చేసినావని కూడా అడగదా? నేనైతే వాన నిలిచినా వచ్చేదాన్ని కాదు. రోజూ కుట్లు విప్పేదాన్ని, నాకు తెలుసు. ఒకసారి విప్పినాక మళ్లీ కుట్టకుండా వదిలేస్తే అది రవిక కాదు, గుడ్డపేలిక."

"కాబట్టి ఏడ్చింది నువ్వే?"

"నేను డెబ్బయ్యో పేజీలో ఏడ్చినా. చూడండి, ఆడ పౌడరు మరక కూడా ఉండాది. నూట పన్నెండు నాది కాదు."

నూట పన్నెండో పేజీ అందరికీ గుర్తుంది. ఒక తమ్ముడు గొడుగు పట్టుకొని అక్క వాకిటికి పోతాడు. తలుపు కొట్టడానికి చెయ్యెత్తుతాడు. లోపల అక్క నవ్వు వినిపిస్తుంది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండగా వాన ఆగిపోతుంది. అంతే.

అందరి తలలూ ఒకేసారి పుల్లయ్య పక్కకు తిరిగినాయి. ముప్పై రెండేండ్లు బస్సులో టికెట్లు కొట్టిన కండక్టరు. అప్పటిదాకా గుమ్మడికాయల దొంగలాగా భుజాలు తడుముకుంటూ కూర్చున్నాడు.

"చెమటప్పా!" అని అరిచినాడు. "కరెంటు పోయింది ఆ పొద్దు!"

"చెమట కంట్లో నుంచి కారిందా పుల్లన్నా?" అంది జీవమ్మ.

ఆయన అక్క సంగతి వేంపల్లెలో తెలియనిది కుక్కలకే. రెండు వీధుల అవతల ఉండే రామసుబ్బమ్మకూ ఈయనకూ ఐదేండ్లుగా మాటల్లేవు. వచ్చే గురువారం ఆమె కూతురు నాగజ్యోతి పెండ్లి. పెండ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పందిట్లోకి ఎత్తుకొని రావాల్సింది మేనమామ. ఉన్న మేనమామ ఈయన ఒక్కడే. ఆమె పిలవదు, ఈయన పిలవనిదే పోడు. గురువారం మాత్రం ఎవరి పిలుపూ లేకుండానే వచ్చేస్తాంది.

"ఏ దినానికి పోతావు పుల్లయ్యా?" అని సారు మెల్లగా అడిగినాడు.

పుల్లయ్య పంచె కొసతో మెడ తుడుచుకున్నాడు. "అక్క కొత్తింట్లో చేరిన దినానికి. పోయి వడ్డన చేసి వస్తా. అప్పుడు పోల్యా. ఎట్ల పోతా సార్? సొంత తమ్మునికి బొట్టు పెట్టి పిలవలేదు. ముందురోజు అక్క కొడుకు భూపేష్ ఫోన్లో కార్డు ఫొటో పంపించినాడు. ఫోన్లోనే బొట్టు పెట్టుకోనా? ఫోన్లోనే బువ్వ తినేదా?"

"ఇంటికి రాలేదా అసలు?"

"నేను ఇంట్లో యాడున్నా? మా పాప పురిటికని నేనూ నా పెండ్లాం సిద్దమ్మా పదిదినాలు బద్వేలులో ఉంటిమి. సిద్దమ్మ ఆడ్నే ఆగిపోయె. నేనొక్కణ్ణే ఆ ముందురోజు, శనివారం పొద్దున, తిరుక్కున్నా. తాళం తీసినా, గడపకు పసుపూ కుంకుమా కళకళలాడతాండాయి. ఇల్లు ఇంత లక్షణంగా ఉండాది, అక్కకు మాత్రం రాబుద్ధి కాల్యా అనుకున్నా."

జీవమ్మ చేతిలోని పుస్తకం మూసింది.

"పుల్లన్నా, నువ్వు ఒక్కడివే వచ్చినావా?"

"ఒక్కణ్ణే."

"వదిన పదిదినాలుగా బద్వేలులోనే ఉండాది?"

"అవునంటాండా కదమ్మా!"

"మరి గడపకు కుంకుమ ఎవురు పెట్టినారు?"

పుల్లయ్య "శుక్రవారం కదా..." అన్నాడు. శుక్రవారమైతే గడపకు బొట్టు దానంతట అదే మొలుస్తుందని నమ్మే మగజాతి మాది. నేనూ, ఓబులేసూ, సారు కూడా ఆ క్షణంలో తలలు వంచుకున్నాం, జపాను వాళ్లలాగా.

"ఇంటికి తాళముంటే ఏం చేస్తారు సార్ పిలిచేవాళ్లు?" జీవమ్మ గొంతు పెరిగింది. "గడపకు బొట్టు పెట్టి, తలుపు సందులో కార్డు దూర్చిపోతారు. కార్డు లేదా పుల్లన్నా ఆడ?"

"కాయితాలుండె..." పుల్లయ్య గొంతు టైరులో గాలి పోయినట్టు పోయింది. "ఎలక్షన్ల టైము. దూర్చినవన్నీ చేతులు జోడించిన బొమ్మలే. అన్నీ కలిపి పొయ్యి కింద పెట్టి నీళ్లు కాంచుకున్నా."

పిలుపుతో కాచిన నీళ్లు పోసుకొని, పిలవలేదని ఐదేండ్లు మండిపోయినాడు మా పుల్లయ్య.

"లెయ్యి" అన్నాడు ఓబులేసు.

"ఇప్పుడా? పిలవకుండానా?"

"పిలిచిందన్నా! ఐదేండ్ల కిందటే పిలిచింది. నువ్వే లేటు."

రెండు వీధులు నడవడానికి అర్ధగంట పట్టింది. పుల్లయ్య ప్రతి మలుపులోనూ స్టాపు పెట్టినాడు. ఒకచోట చెప్పు తెగిందన్నాడు, తెగలేదు. ఒకచోట ఎవరో పిలిచినారన్నాడు, పిలవలేదు. చివరికి జీవమ్మ వెనక నుంచి "రైట్ రైట్" అనేసరికి అలవాటు కొద్దీ కదిలినాడు.

రామసుబ్బమ్మ వాకిట్లో నులకమంచం మీద వడియాలు ఎండబెడతాంది. తమ్ముణ్ణి చూసింది. వడియాలు పెట్టడం ఆపలేదు.

"ఎవురు కావాలప్పా?"

పుల్లయ్య వాకిలి బయటే నిలబడినాడు. టికెట్ లేకుండా దొరికిపోయిన ప్రయాణికుణ్ణి ఎన్నిసార్లు నిలబెట్టినాడో, అచ్చం అట్లే.

"అక్కా, ఆ పొద్దు నువ్వు మా గడపకు బొట్టు పెట్టి పోయినావా?"

"పెట్టకుండా? అంత ఎండలో నడుచుకుంటా వచ్చినా. తాళం చూసి, గడపకు పెట్టి, నీ పేరు రాసిన కార్డు నా చేత్తోనే దూర్చినా. కొత్తింట్లో పొంగలి పొంగే దాకా వాకిలి దిక్కే చూస్తిని. ఆపైన నేను మళ్లీ యాడికొస్తా?"

"నేను... సిద్దమ్మ పెట్టిందనుకున్నా."

"సిద్దమ్మ బద్వేలులో ఉంటే?"

"అది... ఇప్పుడే తెలిసింది. జపాను వాళ్ల పుస్తకం చదివి."

రామసుబ్బమ్మ మా నలుగురి దిక్కు చూసింది. "నా తమ్మునికి బుద్ధి చెప్పేదానికి జపాను నుంచి రావాల్సొచ్చిందా? ఈ ఊళ్లో ఎవురికీ చేతకాల్యా?" మేము మళ్లీ తలలు వంచినాం.

పుల్లయ్య ఏడ్చినాడు. ఈసారి చెమట అనలేదు.

ఆమె చేతులు కడుక్కొని లోపలికి పోయింది. కుంకుమ భరిణె తెచ్చి తమ్ముని నొసట ఇంత పెద్ద బొట్టు పెట్టింది. సగం ముక్కు మీద రాలింది. "ఇది నేను పెట్టింది. మళ్లీ ఎవురో పెట్టినారనుకునేవు. గురువారం తెల్లారి నాలుగింటికల్లా ఈడుండాల. ఇప్పుడు లోపలికొచ్చి కూర్చో."

మాకు కూడా ఆకులు వేసింది. రాగిసంగటి, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి, పైన నెయ్యి. మాకు తలా ఒక ముద్ద. పుల్లయ్య ఒక ముద్ద తిని చెయ్యి కడగబోతే మణికట్టు పట్టుకుంది.

"అది కొత్తింట్లో చేరిన దినానిది. ఇది భూపేష్ పెండ్లిది." రెండో ముద్ద పడింది.

పుల్లయ్య తిన్నాడు.

"ఇది వాని కొడుకు పుట్టెంటికలు తీసినప్పటిది." మూడు.

"ఇది చెవులు కుట్టినప్పటిది. మేనమామ లేని బిడ్డ, తాతవని నీ తొడ మీద కూర్చోవాల్సినోడు, ఇంకొకరి తొడ మీద కూర్చొని ఏడ్చినాడు." నాలుగు. మాకెవరికీ నవ్వు రాలేదు. పుల్లయ్య నెత్తి వంచుకొని నాలుగో ముద్ద కూడా మింగినాడు. పంచె ముడి వదులు చేసుకున్నాడు.

ఆమె ఐదోది తెచ్చింది. "జ్యోతి నిశ్చితార్థానిది."

"అక్కా, నీ కాళ్లు మొక్కుతా. ఇంక పట్టదే."

"పట్టదా?" అంది రామసుబ్బమ్మ, ముద్దను ఆకులో పెడుతూ. "నాకు ఐదేండ్లు పట్టింది. తినరా."