అయిదో నంబరు ఫెర్న్

దారి తప్పినవాడు వాగును పట్టుకుని కిందికి దిగితే ఊరు చేరతాడని అందరూ అంటారు. కొండల్లో బతికేవాళ్లు అంటారు; కొండ మొహం చూడనివాళ్లు మరింత గట్టిగా అంటారు. ఆ మాటలో నిజమెంతో తేల్చుకోవలసిన అవసరం నాకు అరవై ఎనిమిదో ఏట, ఒక గురువారం ఉదయం పది గంటలకు, రెండు శిఖరాల నడుమ కొండ మెడ మీద ఉన్న అటవీశాఖ చెక్‌పోస్టు గదిలో ఏర్పడింది.

నా మేనకోడలు మంగళవారం నుంచి కనిపించడం లేదు. ఇరవై ఆరేళ్లది. పూలు పూయని ఫెర్న్ మొక్కల మీద పరిశోధన చేస్తోంది. చిన్నప్పుడు ఒక్కచోట నిలిచేది కాదని ఇంట్లో పిచ్చుక అనేవాళ్లం. ఆ పేరే ఉండిపోయింది. మంగళవారం చెక్‌పోస్టు కాపలాదారు సెలవులో ఉన్నాడు. బుధవారం పొద్దున అతను పనిలోకి వచ్చేసరికి వరండా పక్కన ఆమె స్కూటరు, వరండా మీద మొక్కలు అదిమే ప్రెస్ ఉన్నాయి. మనిషి లేదు. బుధవారమంతా రోడ్డు పొడవునా, కాలిబాటల మీదా వెతికారు.

గదిలో ఒక బల్ల, ఒక వైర్‌లెస్ సెట్, చెమ్మకు ఉబ్బిన పటం. పటంలో కొండ మెడ నుంచి పడమటిది, నడిమిది, ఉత్తరపుది అని మూడు లోయలు కిందికి పాయలుగా విడిపోయి, మూడు వాగులూ ఆరు కిలోమీటర్ల దిగువన ఒకే వంతెన దగ్గర కలుస్తాయి. రేంజరు ఆ వంతెన మీద వేలు పెట్టాడు.

"ఇక్కడ మనుషుల్ని పెట్టాను మాస్టారూ. ఏ లోయలో ఉన్నా నీళ్ల వెంట దిగుతుంది. దిగితే ఇక్కడికే రావాలి. చదువుకున్న పిల్ల, ఆమాత్రం తెలీదా?"

"దిగలేని స్థితిలో ఉంటే?"

అతను నా వంక కాకుండా కిటికీ వంక చూశాడు. నాలుగు గంటలకల్లా భారీ వర్షమని హెచ్చరిక వచ్చింది. ఆ లోయల్లో వాన పడితే వాగు గంటలో నడుములోతు అవుతుంది. వంతెన దగ్గరివాళ్లు పోగా అతని దగ్గర మిగిలింది ఆరుగురు మనుషులు, ఒక తాడు. మూడు లోయలూ వెతకడానికి ఆలోగా వేళ చాలదు. ఒక్కటే ఎంచుకోవాలి.

మూల కుర్చీలో మా చెల్లెలు కూతురి స్వెటరు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పొద్దుటి నుంచి నాతో అన్నది ఒకే మాట: "నీ ఆకుల పిచ్చి దానికి అంటించావు కదన్నయ్యా." ముప్పై ఒక్క ఏళ్లు హెర్బేరియంలో ఎండిన మొక్కలకు కాపలా కాసినవాణ్ణి. ఎనిమిదేళ్ల పిల్ల చేతికి మొదటి భూతద్దం ఇచ్చింది నేనే.

ప్రెస్ బల్లమీద పెట్టి పట్టీలు విప్పాను. రెండు చెక్కల మధ్య పాత వార్తాపత్రికలు, ఒక్కొక్క దానిలో ఒక మొక్క, ఒక అంకె చీటీ. ఏ చోట కోసిందో రాసుకున్న పుస్తకం ఆమె సంచిలో ఉంది. నా దగ్గర అంకెలు, ఆకులు మాత్రమే ఉన్నాయి.

ఒకటో నంబరు, కొమ్మ రెండుగా, మళ్లీ రెండుగా చీలిపోయే పంగల ఫెర్న్. రోడ్డు కోసం కొండను నరికినచోట ఎర్రమట్టి గట్ల మీద దట్టంగా అల్లుకుంటుంది. రెండోది బ్రాకెన్. ఎండను లెక్కచేయదు, కాలిన వాలుల మీద అందరికంటే ముందు లేస్తుంది. మూడోది పక్షిగూడు ఫెర్న్, చెట్టు పంగలో గంపలా కూర్చునేది.

"ఇవి మూడూ రోడ్డు పక్కవే," అన్నాను. "పైకి వస్తూ కోసుకుంది."

నాలుగోది మెయిడెన్‌హెయిర్. వెంట్రుకలాంటి నల్లని కాడ, చిన్న చిన్న విసనకర్రల్లాంటి ఆకులు. నీళ్లు ఊరే సున్నపురాతి మీద పెరుగుతుంది. పడమటి లోయ మొదట్లో అలాంటి రాతిచరియ ఒకటి ఉంది. ముప్పై ఏళ్ల క్రితం ఆ రాతి మీద ఇదే మొక్కను నేను కోశాను.

"పడమటి లోయ," అన్నాను.

రేంజరు నవ్వలేదు గాని మూతి వంకర పోయింది. "ఆకులు చూసి జాతకం చెబుతున్నారా మాస్టారూ? మీ సైన్సువాళ్లకి జాతకాలంటే పడదనుకున్నానే."

"జాతకం తప్పయితే తప్పని ఒప్పుకునే జ్యోతిష్కుణ్ణి నేను చూడలేదు. ఇది తప్పయితే నేను ఒప్పుకుంటాను."

అతనికి వేరే ఆధారం లేదు. గుడ్డికంటే మెల్ల నయమనుకున్నాడేమో, ఆరుగురినీ పడమటి బాట పట్టించాడు. అప్పుడు సమయం పదకొండు.

వాళ్లు వెళ్లాక నేను నాలుగో నంబరును మళ్లీ భూతద్దం కింద పెట్టాను. చేతులకు పని కావాలి, అంతే. వేళ్లలో తెల్లని సున్నపు పొడి ఉంది. పొడి మధ్యలో ఆవగింజంత ఎర్రని రేణువు ఒకటి ఉంది. గోటితో నలిపాను. ఇటుక.

రాతిచరియలో ఇటుక ఉండదు.

గది వెనక్కి వెళ్లాను. చెక్‌పోస్టు కట్టిన కాలపు నీళ్ల తొట్టి ఒకటి అక్కడ పాడుబడి ఉంది. ఇటుకకు ఇటుకకు మధ్య సున్నం, పగుళ్లలోంచి చెమ్మ. ఆ పగుళ్ల నిండా మెయిడెన్‌హెయిర్. మోకాలి ఎత్తున ఒక దుబ్బు కత్తితో శుభ్రంగా కోసి ఉంది. మొక్కకు కావలసింది సున్నం, తేమ. వాటిని కొండ ఇచ్చిందా, మేస్త్రీ ఇచ్చాడా అని మొక్క అడగదు. అడగవలసినవాణ్ణి నేను. అడగలేదు.

నాలుగో నంబరు కోసినచోటికీ ప్రెస్ పెట్టినచోటికీ ఇరవై అడుగులు. అది ఏ లోయనూ చూపించడం లేదు.

రేంజరుకు చెప్పాను. అతను వైర్‌లెస్ అందుకుని మనుషుల్ని వెనక్కి పిలిచాడు. వాళ్లు చెమటలతో తిరిగి వచ్చేసరికి పదకొండూ యాభై. వాళ్లలో ఒకడు తాడు చుట్ట నేలమీద పడేస్తూ, "ఈసారి చిలకని పిలవండి సార్, అదయినా కార్డు తీస్తది," అన్నాడు.

చెల్లెలు లేచి నా దగ్గరికి వచ్చింది. "తెలీకపోతే తెలీదని చెప్పు. నువ్వు గొప్పవాడివని నిరూపించుకోడానికి నా పిల్లే దొరికిందా?"

"తెలీదనే చెప్తున్నానే."

"మరెందుకా కాగితాలు ఇంకా తిరగేస్తావ్?"

నాలుగో నంబరు కింద ఖాళీ కాగితాలు ఉంటే వాటిని నేను పక్కకు నెట్టాను. ఖాళీవి కదా అని. ఇప్పుడు వాటిని ఒక్కొక్కటే తెరిచాను. మూడున్నాయి. మూడింటిలోనూ మొక్క లేదు, చీటీ ఉంది. మూడు చీటీల మీదా అంకె ఒకటే. 5-మొన. 5-నడుము. 5-మొదలు.

ఆ పద్ధతి ఆమెకు నేర్పింది నేను. వార్తాపత్రికలో పట్టనంత పెద్ద ఆకు అయితే మొత్తం తేవద్దు. మొన నుంచి ఒక ముక్క, నడుమ నుంచి ఒక ముక్క, కాడ మొదలు నుంచి ఒక ముక్క కోసి, మూడింటికీ ఒకే నంబరు వెయ్యి. చీటీలు ముందే రాసి పెట్టుకో, తడి చేతులతో రాయలేవు.

"తను ఏం కొయ్యడానికి వెళ్లిందో వెళ్లేముందే రాసిపెట్టింది," అన్నాను. "మనిషి పొడవును మించిన ఆకు. ఫెర్న్‌లలో అంత ఆకు కొద్దివాటికే ఉంటుంది. బ్రాకెన్ కూడా పొడవే, కానీ దాన్ని అప్పటికే కోసేసింది. మిగిలింది చెట్టు ఫెర్న్."

"అంటే?" అన్నాడు రేంజరు.

"మానులాంటి కాండం, పైన గొడుగులా ఆకులు. గాలి కొట్టకూడదు, ఎండ తగలకూడదు, ఏడాది పొడవునా చెమ్మ ఆరకూడదు. ఇరుకు లోయలో వాగు అంచున తప్ప బతకదు."

"నేను పదకొండేళ్లుగా తిరుగుతున్నా. అలాంటిది ఎక్కడా చూడలేదు."

"ఉత్తరపు లోయలోకి ఎన్నిసార్లు దిగారు?"

అతను పటం వైపు తిరిగాడు. పడమటి లోయకు సాయంత్రం దాకా ఎండ. నడిమి లోయ రెండేళ్ల క్రితం కాలిపోయింది. ఉత్తరపు లోయ పటంలో సన్నని నల్లగీత. "అక్కడికి ఎవరూ దిగరు," అన్నాడు. "పనేముంది?"

నా ఊహ ఒకసారి తప్పింది. రెండోసారి దాన్ని నా నోటితో నేనే బలపరచుకోవడం న్యాయం కాదు. కాపలాదారును పిలిచాను. యాభై దాటినవాడు, మాటలు పొదుపుగా వాడేవాడు. మా మాటలు అతను వినలేదు. బయట మనుషులకు టీ పోస్తున్నాడు.

"ఉత్తరపు లోయ అంచు నుంచి కిందికి ఎప్పుడైనా చూశావా?"

"పోయినేడు ఆవు తప్పిపోతే చూశానండి."

"ఏం కనిపించింది?"

"ఏముంటాయండి, చెట్లు. చీకటిగా ఉంటది." ఆలోచించాడు. "అడుగున వాగు పక్కన తాటిపిల్లలున్నాయి, ఎనిమిదో పదో. ఇక్కడ తాటిచెట్టు ఎవడు నాటాడా అనుకున్నా."

రేంజరు నా మొహం చూశాడు. ఆ ఎత్తులో, ఆ నీడలో తాటిచెట్టు మొలవదని అతనికీ తెలుసు.

"నలుగురు, తాడు, ఉత్తరం," అన్నాడు రేంజరు తన మనుషులతో. "ఇద్దరు పడమటికి. వంతెన దగ్గరున్నవాళ్లు కదలొద్దు." ఆపైన నాతో నెమ్మదిగా, "ఇది కూడా తప్పయితే మాస్టారూ, ఇవాళ్టికి ఇక అంతే," అన్నాడు.

పన్నెండుంబావుకు వాళ్లు దిగారు.

ఆ తరువాత గదిలో శబ్దం వైర్‌లెస్ సెట్ గరగరదే. చెల్లెలు స్వెటరు మడత విప్పి మళ్లీ అదే మడత పెట్టింది. ఒంటిగంటకు ఉత్తరం నుంచి, "దారి లేదు, చెట్లు పట్టుకుని దిగుతున్నాం," అన్న మాట వచ్చింది. ఒకటీ నలభైకి పడమటి ఇద్దరూ రాతిచరియ చేరారు. అక్కడ మెయిడెన్‌హెయిర్ ఉంది. కోత లేదు, అడుగుజాడ లేదు. రెండు దాటాక కిటికీలో వెలుగు తగ్గింది. మబ్బు కొండ మీదికి దిగుతోంది.

రెండూ పదికి: "తాటిచెట్ల దగ్గర ఉన్నాం. తాటి కాదు సార్ ఇవి. మనిషి లేదు."

నేను వైర్‌లెస్ దగ్గరికి వెళ్లాను. "ఒక్కొక్క చెట్టూ చూడండి. ఆకు కాడ మొదట్లో కత్తి కోత ఉందేమో."

గరగర. చెల్లెలు నా చొక్కా అంచు పట్టుకుంది. అలా పట్టుకోవడం మా చిన్నప్పటి తరువాత అదే మొదలు.

"ఉంది. ఒక ఆకు మొదలంటా కోసి ఉంది. కోత గోధుమరంగు తిరిగింది."

"అక్కడి నుంచి పైకి వెళ్లిన జాడ ఉందా?" అని రేంజరు అడిగాడు.

"పైకి లేదు. వాగు వెంట కిందికి ఉంది. రాళ్ల మీద పాచి జారిన గీతలున్నాయి."

"చెప్పానా!" అని రేంజరు నావైపు తిరిగాడు. "కిందికే దిగింది. వంతెనకే వస్తుంది."

"దిగి రెండు రోజులైంది. ఆరు కిలోమీటర్లే కదా."

అతని చెయ్యి కిందికి వాలింది. మరుక్షణం వైర్‌లెస్‌లో అరిచాడు. "వాగు వెంటే పొండి. ప్రతి అడుగూ చూసుకుని పొండి. రాయి తెగినచోట ఆగండి!"

రెండూ ఇరవై నుంచి మూడూ అయిదు దాకా సెట్ పలకలేదు. రేకుల కప్పు మీద ఒక చినుకు పడింది. మేం ముగ్గురం తలలెత్తి చూశాం. రెండో చినుకు కోసం ఎదురుచూశాం. అది పడలేదు.

మూడూ అయిదుకు సెట్ గరగరమంది. ముందు మగగొంతులు, అందరూ ఒక్కసారే మాట్లాడుతున్నట్టు. సెట్‌ను తాడు కొసకు కట్టి కిందికి దించారు. తరువాత వేరే గొంతు, బొంగురుపోయినది.

"మామయ్య ఉన్నాడా అక్కడ?"

చెల్లెలు నోటికి స్వెటరు అడ్డం పెట్టుకుంది. నేను, "ఉన్నానే పిచ్చుకా," అన్నాను.

"నా ప్రెస్ వరండాలో వదిలేశాను. తడిసిందా?"

"తడవలేదు. నువ్వెక్కడున్నావ్?"

"జలపాతం కింద, నీళ్లకు అందనంత పక్కన ఒక రాతి అరుగుంది మామయ్యా, దాని మీద. జారి పడ్డాను. కాలు కదలట్లేదు. పొగమంచు దిగింది, వచ్చిన దారి కనపడలేదు. వాగు వెంట దిగితే వంతెన వస్తుందని అందరూ అంటారుగా."

మూడూ పదిహేనుకు తాడు మీద ఒక మనిషిని దించారు. మూడూ నలభై అయిదుకు ఆమెను అరుగు మీద నుంచి పైకి లాగారు. నాలుగూ అయిదుకు వాన మొదలైంది. నాలుగూ నలభైకి ఆ అరుగు నీళ్లలో మునిగింది. ఆఖరున పైకెక్కినవాడు చూశాడు. కుడి చీలమండ విరిగింది. రెండు రోజులూ రాతి చెమ్మ నాకి, ఒక బిస్కెట్ పొట్లంతో ఉంది. వంతెన దగ్గర కాపున్నవాళ్లకు ఎవరూ కనిపించలేదు.

సంచిలో ఆకు మూడు ముక్కలుగా ఉంది. వాటిని ఆ రాత్రే ఖాళీ కాగితాల్లో సర్ది, ఆమె చెబుతుంటే చీటీ నేను రాశాను:

నంబరు 5. చెట్టు ఫెర్న్. ఉత్తరపు లోయ, వాగు అంచు, పూర్తి నీడ, ఎడతెగని చెమ్మ. తొమ్మిది చెట్లు. అక్కడి నుంచి వాగు వెంట రెండు వందల మీటర్ల దిగువన ముప్పై అడుగుల జలపాతం. ఇరువైపులా నిలువు రాయి. వంతెనకు దారి లేదు.