గైడ్‌లో ఓ ముక్క

"గైడ్‌లో ఓ ముక్క రాసెయ్, సరిపోతుంది" అన్నాడు ఉల్లాస్, ల్యాప్‌టాప్ మీంచి తలెత్తకుండా. వంటింట్లో అతని భార్య ప్రసీద, ఆవిరి మీద ఉడికించే పుట్టు కోసం గొట్టంలో బియ్యప్పిండి ఒక వరస, కొబ్బరి ఒక వరస వేస్తోంది. ఏం రాయాలో ఆమె అడగక్కర్లేదు. మళ్లీ ఒక జాగ్రత్త, 'సేవ్ నొక్కడం మరవకండి' అని.

త్రిశూర్ చుట్టుపక్కల మంచాన పడ్డవాళ్లను ఇంటింటికీ వెళ్లి చూసుకునే నర్సుల కోసం ఉల్లాస్, స్నేహితులు కలిసి చేసిన సాఫ్ట్‌వేర్ అది. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచెయ్యొచ్చు. ఎలా వాడాలో చెప్పే గైడ్ ప్రసీదది. ఇచ్చిన మందు రాసి, సేవ్ నొక్కడం మరిచి తర్వాతి రోగి పేరు నొక్కితే, రాసిందంతా గప్‌చుప్‌గా పోతుంది. నిన్న ఆ నర్సుల్లో ఒకరైన ఏలియామ్మ సిస్టర్ ఫోన్ చేసింది.

"ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో ఫోను. ముసలాయనకి పొద్దున ఇచ్చిన మార్ఫిన్ రాశాననే అనుకున్నా మోళే, నా బిడ్డా. తర్వాత వెళ్లిన నర్సు పిల్లకి ఫోన్లో ఏమీ కనపళ్లేదట, మళ్లీ ఇవ్వబోయింది. ఆయన భార్య చెయ్యి పట్టుకుని ఆపింది. నీ గైడ్ సరిగ్గా చదవలేదేమో, తప్పు నాదేలే."

ఆ చివరి మాటే ప్రసీద ఒళ్లు మండించింది. వానలో తడుస్తూ తిరిగే మనిషి క్షమాపణ చెబుతోంది, ఫ్యాను కింద కూర్చుని కోడ్ రాసేవాళ్లు "ఆడవాళ్లు గైడ్ చదవరు" అని నవ్వుతున్నారు. ఈ లోపం సంగతి మీటింగులో ఎన్నిసార్లు ఎత్తినా "నువ్వు కోడ్ రాయవుగా, నీకు తెలీదు" అన్నారు, టీ కప్పులు మాత్రం ఆమె వైపే జరిపారు. అసలు ఉల్లాస్‌ను ఎలా వాడాలో చెప్పే గైడ్‌ను కూడా అత్తగారు పెళ్లయిన వారంలోనే అప్పజెప్పింది. కాఫీ తాగకముందు ఏమీ అడక్కు, స్నేహితుల ముందు ఎదురు చెప్పకు, వాడు అరిస్తే నువ్వే తగ్గు. అన్నీ జాగ్రత్తలే. కొడుకును దిద్దాలని మాత్రం ఆవిడకు తోచలేదు. ఇన్నేళ్లూ ఆ జాగ్రత్తలు పాటించినందుకు ప్రసీదకు తన మీదే అసహ్యం వేసింది.

స్టవ్ ఆపి, తన ల్యాప్‌టాప్ తెరిచింది. కొత్త వెర్షన్ ఆ సాయంత్రమే విడుదల. వాళ్లు పెట్టుకున్న నియమం ఒకటుంది: సభ్యుల్లో ఎవరైనా సరే, ఒక లోపానికి "ఇది తేలేదాకా ఆపండి" అని గుర్తు పెడితే, అది తేలేవరకు విడుదల ఆగాల్సిందే. గైడ్ రాసేవాళ్లూ సభ్యులేనన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. ముసలాయన సంగతి నాలుగు వాక్యాల్లో రాసి, ఆ గుర్తు పెట్టింది.

హాల్లో ఉల్లాస్ ఫోను మోగడం మొదలైంది. అతను వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"పిచ్చా నీకు? అందరి ముందూ నా పరువు తీశావు! ముందు నాతో ఒక్క మాట అనొచ్చుగా?"

"అన్నానండీ, చాలాసార్లు."

"అయితే ఇప్పుడేమంటావ్?"

"మీ తప్పుల పక్కన ఇక జాగ్రత్తలు రాయను. సాఫ్ట్‌వేర్‌లోనూ, ఈ ఇంట్లోనూ."