నిండుకుంది

మా అత్తయ్య నోట ‘లేదు’ అన్న మాట రాదు. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటుంది. దీపం ఆరిపోతే కొండెక్కిందంటుంది. "లేదు లేదంటే ఉన్నది కూడా పోతుందే" అని నన్ను కసిరేది. డబ్బా అడుగు కనిపిస్తుంటే ఈ నిండుకోవడమేమిటని నాకు ఒళ్లు మండేది.

మాది కొండ మీది ఊరు. కరెంటు తీగ ఇంతవరకు రాలేదు. రేకుల షెడ్డులో డీజిల్ ఇంజనుంది, అది తిరిగితేనే బల్బులు వెలుగుతాయి. మామయ్య కింద పట్నం ఆసుపత్రిలో ఊపిరి మిషను మీద ఉన్నారు. ఆగని కరెంటుంటే ఇంటికి తీసుకుపోవచ్చని డాక్టరు చెప్పాడు. తన మంచం మీద తను పడుకోవాలి, ఆయన కోరిక అదొక్కటే.

ఇలాంటి ఊళ్లకు సోలారు పలకలూ బ్యాటరీలూ పెట్టి, ఊరి కరెంటు ఊళ్లోనే తయారయ్యేలా సర్కారు డబ్బిస్తుందని తెలిసింది. ఆ రోజే అత్తయ్య మంచానికి కొత్త నవారు అల్లించింది.

సర్వే ఆఫీసరు వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు, పట్నంలో పుట్టి పెరిగినవాడు. నేను లోపల టీ పెడుతున్నాను.

"డీజిల్ ఎంతుందమ్మా?"

"నిండుకుంది బాబూ."

"మరి లైట్లు?"

"అవెప్పుడో కొండెక్కాయి."

అతను సంతోషంగా తలాడిస్తూ ఫోనులో నొక్కుకున్నాడు. ఆ మాటలకు ఇంకో అర్థం ఉంటుందని మాకు తట్టలేదు.

డబ్బు మంజూరైన ఊళ్లలో మాది లేదు. ఇంధనం నిండుగా ఉంది, లైట్లు కొండ మీదికి చేరాయి, సాయం అక్కర్లేదట! ఆఫీసుకు వెళ్లి, మామయ్య మిషను సంగతి చెప్పి, బల్ల గుద్ది అడిగాను. అతను ఫోను తీసి తను రాసుకున్నది మళ్లీ చదువుకున్నాడు.

"మా ఇంట్లో అలా అనరండీ" అన్నాడు.

ఇంకేమని తిట్టను? అప్పటికప్పుడే మళ్లీ రాసి పంపాడు. కానీ డబ్బు వచ్చేది మరుసటేడే.

వానాకాలంలో మామయ్య ఆసుపత్రిలోనే పోయారు.

ఏడాది తిరిగాక అతనే వచ్చాడు. అత్తయ్య గుమ్మంలో నిలబడింది.

"డీజిల్ ఉందా అమ్మా?"

"లేదు."

"కరెంటు?"

"లేదు."

ఆవిడ నోట ఆ మాట వినడం నాకదే మొదటిసారి. ఏడుపొచ్చింది.

"ఈసారి తప్పకుండా వస్తుందమ్మా. పెద్దాయన మిషనుకు వేరే లైను కూడా రాశాను. ఇంటికి ఎప్పుడు తెస్తున్నారు?"

అత్తయ్య నవారు మంచం వైపు చూసింది. మెత్తగా తిప్పి చెప్పే మాటలు ఆవిడ దగ్గర చాలానే ఉన్నాయి.

"లేడు బాబూ" అంది.