అమ్మానాన్నలు పోయిన తేదీ

మా లాయరు లుస్టిగ్ గారికి నసుగుడు తెలియదు. మేం చిన్నప్పుడే వలస వచ్చిన ఈ ఊళ్లో, ఆక్లండ్ వీధిలో కేకుల దుకాణం మేడమీద ఆయన గది. నేనూ తమ్ముడు ఎగానూ జర్మనీ నుంచి నష్టపరిహారం కోరుతూ వేసే దావా ఆయన చేతిలోనే ఉంది.

"మీ అమ్మానాన్నా పోయిన తేదీ యుద్ధం ముగిసిన రోజుగా రాశానమ్మా. ఇద్దరూ సంతకాలు పెట్టండి," అన్నారు, వాన పడేట్టుంది అన్నంత మామూలుగా.

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "అదేమిటండీ! వాళ్లను బ్రెస్లావ్‌లో నిర్బంధ శిబిరానికి రైలెక్కించింది నలభై రెండు ఏప్రిల్‌లో కదా. ఆ తర్వాత కబురే లేదు. మన యూదుల పంచాంగం చూసుకుని నేను ఏటా ఆ రోజే వాళ్ల పేర దీపం పెడుతున్నాను."

"పోయినప్పుడు చూసినవాళ్లెవరున్నారమ్మా? చూసినవాళ్లు లేకపోతే అక్కడి చట్టం యుద్ధం అయ్యేదాకా బతికున్నట్టే లెక్కేస్తుంది. నిర్బంధంలో ఉన్న కాలం పెరిగితే పరిహారమూ పెరుగుతుంది, మీకే మంచిది. కాదూ కూడదంటే సాక్షిని తెండి."

ఎగాన్ నవ్వాడు. "మా అక్కకి అన్నిటికీ తొందరేనండీ. బతికున్నవాళ్లకి దీపం పెట్టిన మనిషి!"

"నోర్ముయ్యిరా!" అన్నాను. నిజంగానే మూడేళ్లు బతికున్న అమ్మకు దీపం పెట్టానా? ఏ తేదీ నిజం? లాయరు గారిని అడుగుదామంటే ఆయన అప్పటికే కలం మూత తీసి పట్టుకున్నారు.

"నేను పెట్టను," అన్నాను. "అక్కడ మూడు చలికాలాలా? మా అమ్మకి చలంటే ఎంత భయమో మీకేం తెలుసు? నా దీపమే నిజం. వెళ్లగానే పోయింది. ఏ బాధా పడలేదు."

అమ్మ తొందరగా చచ్చిపోయిందని దెబ్బలాడుతున్న కూతుర్ని నేనే. నా గొంతు నాకే వింతగా వినిపించింది.

ఎగాన్ నవ్వడం మానేశాడు. "అక్కా, నలభై మూడులో నాకు పదమూడు నిండాయి. ఆ వయసుకి మన ఆచారం ప్రకారం ఇక్కడి ప్రార్థనామందిరంలో మొదటిసారి తోరా గ్రంథం చదివాను, గుర్తుందా?"

"ఉంది. మధ్యలో గొంతు బొంగురుపోయింది."

"ఆ రోజు ఏ భాగం చదవాలో నన్ను ఇక్కడికి పంపించేటప్పుడే అమ్మ లెక్క చూసి చెప్పింది. 'నువ్వెక్కడున్నా సరే, అదే రోజు నేనూ నీతో చదువుతాను నాన్నా' అంది. తొమ్మిదేళ్లవాణ్ని, నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను. నీ దీపమే నిజమైతే ఆ రోజు నేనొక్కణ్నే చదివానన్నమాటే కదక్కా?"

వాడు కోరుతున్నదీ అమ్మనే, నేను కాపాడుతున్నదీ అమ్మనే. ఇద్దరిలో ఎవరం అమ్మను ఎక్కువ ప్రేమిస్తున్నామో, ఎవరం ఎక్కువ హింసిస్తున్నామో తేల్చుకోలేకపోయాను. లుస్టిగ్ గారు కలం బల్ల మీద పెట్టి కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

కలం తీసుకుని సంతకం పెట్టాను. ఎగాన్ అంత మనిషీ నా భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. వాడికి ఆ ఒక్కరోజు అమ్మను బతికించి ఇవ్వడానికి, అమ్మనూ నాన్ననూ నా చేత్తోనే ఇంకో మూడేళ్లు అక్కడ ఉంచాను.